సంక్రాంతి బొమ్మల కొలువులో నా రైలు పెట్టమంటున్నారు, సలహాలు కావాలి

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం | డిసెంబరు 9

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా ఇక్కడ మీరు రాసేవన్నీ చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

ఆరేళ్ళ క్రితం మేడమీది గదిలో హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు, మోడల్ రైలు లేఅవుట్ మొదలుపెట్టాను. 1997లో వచ్చిన మా మూడో గోదావరి రైలు వంతెన మీద విల్లుల్లా వంగిన కాంక్రీటు ఆర్చీలు చూసే ఉంటారు. మొత్తం 28 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), ఒక్కొక్కటి 97.55 మీటర్లు. 87తో భాగిస్తే 112 సెంటీమీటర్లు వచ్చింది. అంటే నాలుగడుగుల ప్లైవుడ్ పలక మీద ఒక ఆర్చి చక్కగా కూర్చుంటుంది. ఆ లెక్క కుదిరిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. 28 ఆర్చీలూ కట్టాలంటే 31 మీటర్ల గది కావాలి కాబట్టి రెండింటితో ఆపాను. వాటికి ఎదురుగా పాత హేవలాక్ రైలు వంతెన గర్డర్లు (ఇనుప దూలాలు) రెండు కట్టాను. ఒక చివర రాజమహేంద్రవరం, రెండో చివర కొవ్వూరు. కొత్త వంతెన మీద వెళ్ళిన బండి పాత వంతెన మీదుగా తిరిగి వస్తుంది. మొత్తం ఎనిమిది పలకలు.

ఇప్పటివరకు దాన్ని చూసింది నా భార్య, మా అమ్మాయి, ఇద్దరు బంధువులు. మా కాలనీ ఆడవాళ్ళు ఏటా భోగి నుంచి ముక్కనుమ దాకా కమ్యూనిటీ హాల్లో బొమ్మల కొలువు పెడతారు. ఆ పని ముందుండి నడిపించే పెద్దావిడ మొన్న మా ఇంటికి పేరంటానికి వచ్చి, మేడ ఎక్కి చూసి, "ఇంత మంచి బొమ్మను గదిలో పెట్టి తాళం వేసుకున్నావేం నాయనా, ఈసారి కొలువులో మెట్ల పక్కన పెట్టు" అన్నారు. కాదనలేకపోయాను. నిజానికి కాదనాలని కూడా లేదు.

కానీ భయంగా ఉంది. పలకలు దించి తీసుకువెళ్ళడం ఒక ఎత్తు, నాలుగు రోజులు వందమంది పిల్లల మధ్య ఉంచడం ఒక ఎత్తు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాత_ఇత్తడి | హైదరాబాద్ | డిసెంబరు 9

ముందుగా అభినందనలు. ఆర్చీల ఫోటోలు తప్పక పెట్టండి.

నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. పదేళ్ళ క్రితం ఒక బడి వార్షికోత్సవానికి నా లేఅవుట్ తీసుకువెళ్ళాను. మధ్యాహ్నానికల్లా ఒక పిల్లవాడు నడుస్తున్న ఇంజనును చేత్తో ఎత్తేశాడు. అది జారి గచ్చు మీద పడింది. లోపలి గేరు పగిలింది. అది నా మొదటి జీతంతో కొన్న ఇంజను. ఆ పిల్లవాడిని ఎవరూ తిట్టలేదు, నేనూ తిట్టలేదు. కానీ ఇంటికి వచ్చాక రెండు నెలలు ఆ గది తలుపు తీయలేదు.

అందుకని చెబుతున్నాను. చుట్టూ అడుగు ఎత్తున పారదర్శకమైన యాక్రిలిక్ షీటు పెట్టించండి. దానికి రెండడుగుల ముందు తాడు కట్టండి. బండి వేగం మార్చే కంట్రోలర్ మీ చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఉండకూడదు. చూడటం వేరు, తాకడం వేరు.

కొలువు_సుధ | విజయవాడ | డిసెంబరు 10

పాత_ఇత్తడి గారూ, మీ ఇంజను సంగతి చదివి బాధ కలిగింది. షీటు మాట ఒప్పుకుంటాను. తాడు, కంట్రోలర్ విషయంలో మాత్రం వేరే అభిప్రాయం ఉంది.

కొలువులో పుట్టి పెరిగినదాన్ని. మా అమ్మమ్మ పై మెట్ల మీద దేవుళ్ళను తానే పెట్టేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. కింద నేల మీద మాత్రం ఊరు కట్టే పని పిల్లలదే. బావి, సంత, ఎడ్లబండి, చెరువు, అన్నీ మేమే. వారం ముందు మూకుడులో మెంతులు చల్లి, అవి మొలిచాక పొలం అని పెట్టేవాళ్ళం. నాకు లేఅవుట్ల మీద ప్రేమ పుట్టింది అక్కడే. పై మెట్లు నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు కూడా లేవు.

గోదావరి_గట్టు గారూ, మీరూ మెంతులు చల్లండి. ఏడెనిమిది రోజుల మొలక హెచ్‌ఓ పక్కన అరటితోటలా కనిపిస్తుంది. తడి మట్టి పట్టాల దగ్గరికి రాకూడదు కాబట్టి వేరే పళ్ళెంలో పెంచి పక్కన ఆనించండి. చెట్లకు ఎండు బీరకాయ పీచు, నేలకు వాడి ఆరబెట్టిన టీపొడి, కంచెలకు అగరుబత్తి పుల్లలు సరిపోతాయి. కొండలకు మైదా జిగురు మాత్రం వద్దు. పాత పేపరు, మైదా పెట్టి నేను చేసిన కొండను ఎలుకలు ఒక్క రాత్రిలో తవ్వేశాయి. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి వాడండి.

తొమ్మిది_మిల్లీమీటర్లు | బెంగళూరు | డిసెంబరు 10

నేను ఎన్ స్కేలు మనిషిని. 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ప్రదర్శనకు దీనిలో ఒక సుఖం ఉంది. టీ-ట్రాక్ అని ఒక పద్ధతి ఉంది. ఎవరి ఇంట్లో వారు ఒక చిన్న పెట్టె మీద పట్టాలు వేసుకుని వస్తారు, హాల్లో బల్లల మీద పెట్టెలను వరసగా కలిపేస్తే రైలుదారి తయారు. సింగిల్ పెట్టె పొడవు 308 మిల్లీమీటర్లు.

మీ పోస్టు చదివి లెక్క వేశాను. హేవలాక్ స్పాను 45.7 మీటర్లు కదా, ఎన్ స్కేలులో 28.6 సెంటీమీటర్లు. ఒక్క పెట్టెలో ఒక్క స్పాను పడుతుంది! 56 మంది తలా ఒక పెట్టె చేస్తే 1900లో తెరిచిన ఆ వంతెన మొత్తం నిలబడుతుంది. ఈ సంక్రాంతికి కాదు కానీ, ఈ మాట ఎవరూ మరచిపోవద్దు.

ఇక మీ పలకల సంగతి. అతుకుల దగ్గరే అన్ని కష్టాలూ వస్తాయి. రెండు పలకల చెక్కలకూ కలిపి ఒకేసారి రంధ్రం వేసి, ఇత్తడి పిన్ను దించి, తర్వాత బోల్టు బిగించండి. అంచున ఒక ఇత్తడి స్క్రూ పెట్టి, పట్టాను దాని తలకు సోల్డర్ చేసి, ఆ తర్వాతే పట్టాను కోయండి. అప్పుడు ప్రయాణంలో పట్టా చివర కదలదు. ప్రతి పలకకూ వేరుగా కరెంటు తీగ ఇవ్వండి, పట్టాల జాయింట్లను నమ్ముకోవద్దు.

న్యూజెర్సీ_ప్లాట్‌ఫాం | ఎడిసన్ | డిసెంబరు 11

ఇక్కడ నవంబరును మోడల్ రైలు నెలగా పాటిస్తారు. మా క్లబ్బు తలుపులు ఆ నెలలో ఊరందరికీ తెరిచి ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. నేర్చుకున్నది చెబుతాను.

బండి ఆగిందంటే జనం కదిలిపోతారు. ఎంత అందమైన స్టేషను కట్టినా సరే, ఏదో ఒక బండి ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. ఒకే ఇంజనును మూడు గంటలు తిప్పితే మోటారు వేడెక్కుతుంది కాబట్టి రెండు మూడు ఉంచుకుని, ఇరవై నిమిషాలకొకసారి మార్చండి. ఉదయం, సాయంత్రం పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన నూలుగుడ్డతో తుడవండి. భోగి మంట హాలుకు దగ్గరలో వేస్తే ఆ మసి కూడా పట్టాల మీదికి వస్తుంది.

బల్ల ఎత్తు గురించి ఎవరూ చెప్పలేదు. మన కళ్ళ ఎత్తుకు పెడితే అయిదేళ్ళ పిల్లకు కనిపించేది బల్ల కింది తీగలే. మేము 75 సెంటీమీటర్లకు దించాం. పెద్దవాళ్ళు వంగుతారు, వంగి చూస్తేనే వాళ్ళకూ బాగుంటుంది.

ఇంకొకటి. మీరు లోపల నిలబడి బండి నడుపుతుంటే బయట మాట్లాడే మనిషి ఒకరు కావాలి. మొదట్లో మేమందరం లోపలే నిలబడి మా పనిలో మునిగిపోయేవాళ్ళం. వచ్చినవాళ్ళు అయిదు నిమిషాలు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరు బయటికి వచ్చి "మీది ఏ ఊరు, మీ ఊరికి ఏ బండి వెళ్తుంది" అని అడగడం మొదలుపెట్టాక మనుషులు నిలబడ్డారు.

తాకనివ్వాలా వద్దా అనే దానికి హాంబర్గ్‌లోని మినియేచర్ వండర్‌లాండ్ అనే చిన్న రైళ్ళ ప్రదర్శనశాల వాళ్ళు దొరకబుచ్చుకున్న దారి నాకు నచ్చింది. 2001లో తెరిచారు, అదీ హెచ్‌ఓనే. అక్కడ రైళ్ళను ముట్టుకోనివ్వరు కానీ అంచున బటన్లు ఉంటాయి. నొక్కితే లోపల ఏదో ఒకటి కదులుతుంది.

పాత_ఇత్తడి | హైదరాబాద్ | డిసెంబరు 11

బటన్లకు నాకూ అభ్యంతరం లేదు. పుణెలో భావుసాహెబ్ జోషి గారి చిన్న రైళ్ళ మ్యూజియం చూశారా? 1998లో తెరిచారు. అక్కడ కూర్చోబెట్టి, దీపాలు తగ్గించి, కథ చెబుతూ చూపిస్తారు. ఎవరూ దేన్నీ తాకరు. అయినా పిల్లలు కళ్ళు ఇంత చేసుకుని బయటికి వస్తారు. అందుకే తాకితేనే ఆనందం అన్న మాటను నేను ఒప్పుకోలేను.

లల్లాగూడ_షెడ్ | సికింద్రాబాద్ | డిసెంబరు 12

బాబూ గోదావరి_గట్టూ, నేను రిటైరైన లోకో పైలట్‌ను. ఫైర్‌మన్‌గా చేరి బొగ్గు వేశాను, డీజిల్ నడిపాను, చివరికి కరెంటు ఇంజనులో దిగాను. మీ గోదావరి మీద ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు.

తాకాలా వద్దా అని మీరందరూ అనుకుంటున్నారు. రైల్వేలో ఆ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. బండి ఎవరు పడితే వారు నడపరు, అధికారం చేతికి వచ్చినవాడే నడుపుతాడు.

సింగిల్ లైన్ల మీద మాకు నీల్స్ బాల్ టోకెన్ ఉండేది. స్టేషన్ మాస్టర్ దగ్గరి యంత్రం నుంచి ఒక ఇనుప బంతి వస్తుంది. రెండు స్టేషన్ల యంత్రాలూ ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకటి బయటికి వచ్చాక రెండోది రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, దానికి పెద్ద వలయం తగిలించి ప్లాట్‌ఫాం చివర పట్టుకుని నిలబడేవారు. నడుస్తున్న ఇంజను మీది నుంచి చెయ్యి చాచి ఆ వలయంలోకి భుజం దూర్చి అందుకోవాలి. చలికాలం తెల్లవారుజామున ఆ దెబ్బ మోచేతి దాకా మోగేది. టోకెను నా దగ్గర ఉందంటే ముందున్న సెక్షను నాది, ఎదురుగా ఇంకెవరూ రారు.

పిల్లలకు అదే ఇవ్వండి. ఒక్క టోకెను చేయండి. అది మెడలో ఉన్న పిల్లే కంట్రోలర్ దగ్గరికి రావాలి. కొవ్వూరు వెళ్ళి తిరిగి రాజమండ్రి వచ్చి ఆపాలి, టోకెను తరువాతివాళ్ళకు ఇవ్వాలి. తోపులాట ఉండదు. చిన్నపిల్లలకు డ్యూటీ అప్పగిస్తే పెద్దవాళ్ళకంటే గట్టిగా చేస్తారు.

ఒక సిగ్నల్ కూడా పెట్టండి. ఎరుపు దాటితే డ్యూటీ అయిపోయినట్టే.

కొలువు_సుధ | విజయవాడ | డిసెంబరు 12

బాబాయ్ గారూ, ఇది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. ఒక డ్యూటీ పుస్తకం కూడా పెడదాం. పిల్లలు వచ్చి సంతకం చేసి ఎక్కాలి, దిగాక సమయం వేయాలి.

చిన్నగేజ్ | విశాఖపట్నం | డిసెంబరు 13

నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నా దగ్గర ఒక ఇంజను, మూడు బోగీలు మాత్రమే ఉన్నాయి, కానీ సర్క్యూట్లు చేయగలను. పిల్లలు కంట్రోలర్‌ను చివరిదాకా తిప్పేస్తారు. అందుకని పట్టాలకు 12 వోల్టులు వెళ్ళకుండా 7, 8 దగ్గర ఆపే చిన్న పెట్టె చేసి పంపుతాను. ఎంత తిప్పినా బండి పరుగు ఒక హద్దు దాటదు, మలుపులో పడిపోదు. పట్టాల పక్కన సెన్సర్ పెట్టి, బండి దాటగానే సిగ్నల్ ఎరుపుకు మారేట్టు చేయవచ్చు. పంపడానికి చిరునామా విడిగా సందేశంలో ఇవ్వండి అన్నయ్యా. డబ్బులు వద్దు.

లల్లాగూడ_షెడ్ | సికింద్రాబాద్ | డిసెంబరు 13

ఫోటోలు చూశాను. ఆర్చీలు బాగా వచ్చాయి. ఒక్క సందేహం బాబూ, బండి కింద పట్టాలు ఇరుకుగా ఉన్నట్టు అనిపిస్తోంది. నా కళ్ళ పొరపాటా?

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం | డిసెంబరు 13

పొరపాటు కాదండీ. దొరికే హెచ్‌ఓ ట్రాకు 16.5 మిల్లీమీటర్లు, అది విదేశాల 1435 మిల్లీమీటర్ల గేజికి (పట్టాల మధ్య దూరానికి) సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 కాబట్టి 19 మిల్లీమీటర్లకు పైనే ఉండాలి. ఇన్నేళ్ళు నడిపిన మీ కంటికి తెలిసిపోయింది. ఆ తేడాను ఒక చీటీ మీద రాసి అక్కడే పెడతాను. దాచడం నాకు ఇష్టం లేదు.

టోకెను మాట మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మాయి అప్పుడే పాత గొడుగు కమ్మీతో వలయం వంచడం మొదలుపెట్టింది.

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం | జనవరి 5

నిన్న హాల్లో పలకలన్నీ కలిపి చూశాం. ట్రాలీ ఆటోలో రెండు విడతలుగా తెచ్చాం, మధ్యలో పాత బొంతలు వేశాం. ఆర్చీలకు దెబ్బ తగలలేదు. కొవ్వూరు వైపు అతుకు దగ్గర ఎల్‌హెచ్‌బీ అనే కొత్తరకం పొడవాటి బోగీ ప్రతిసారీ పడిపోయింది. గోరుతో తడిమి చూస్తే ఒక పట్టా అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంది. చెక్క కింద ఒక విజిటింగ్ కార్డు ముక్క దూర్చాక సరిపోయింది. ఎల్‌హెచ్‌బీ బోగీ అసలు పొడవు 23 మీటర్లు దాటుతుంది, మన దగ్గర 27 సెంటీమీటర్లు. 22 అంగుళాల వ్యాసార్ధం మలుపులో దాని నడుము బాగా లోపలికి వస్తోంది. మలుపు పక్కన పెట్టిన కరెంటు స్తంభాలు రెండు తీసేశాను.

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం | జనవరి 18

అయిపోయింది. నాలుగు రోజులు. ఇంకా చెవుల్లో పిల్లల గోల వినిపిస్తూనే ఉంది.

భోగి సాయంత్రం భోగిపళ్ళు పోయగానే పిల్లలందరూ నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చారు. జేబుల్లో రేగిపళ్ళు, చేతులు జిగురు. అరగంటలో బండి హేవలాక్ వంతెన మీద ఆగిపోయింది. వంగి చూస్తే గర్డరు మధ్యలో పట్టా మీద ఒక రేగిగింజ. ఇంజను ముందు అది ఒక కొండరాయంత ఉంది. టోకెను మెడలో ఉన్న పిల్ల, ఏడేళ్ళు ఉంటాయేమో, కంట్రోలర్ సున్నాకు తిప్పి, చెయ్యి పైకెత్తి "లైను మీద రాయి పడింది" అని అరిచింది. ఎవరూ చెప్పలేదు అలా అనమని. వెంటనే వెనక వరసలో ఉన్న పిల్లలు తామంతట తామే చేతులు లంగాలకు, నిక్కర్లకు తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి బల్ల పక్కన ఒక గిన్నెలో నీళ్ళు, తువ్వాలు పెట్టాం.

రెండో రోజు రెండు గంటలు కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద బండి నడిచింది. హాలంతా చీకటి, చిన్న స్టేషన్లలో మాత్రం దీపాలు వెలుగుతున్నాయి. కొలువు మెట్ల దగ్గర ప్రమిదలు. ఆడవాళ్ళు పాటలు ఆపి వచ్చి చూశారు.

కనుమ నాడు ఒక తాత వచ్చారు. పాత వంతెన మీద చాలా ఏళ్ళు కీమాన్‌గా, అంటే నడుస్తూ పట్టాలు తనిఖీ చేసే మనిషిగా పనిచేశారట. ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. తర్వాత నన్ను పిలిచి, "నా బల్లలు ఏవి?" అన్నారు. నాకు అర్థం కాలేదు. వంతెన పొడవునా అక్కడక్కడా పక్కకు చిన్న బల్లలు ఉంటాయట. పట్టాలు చూసుకుంటూ నడుస్తుండగా బండి వస్తే మనిషి దాని మీదికి తప్పుకోవాలి, పట్టాల మీద తోసుకెళ్ళే ట్రాలీని కూడా దాని మీదికే లాగాలి. "అది లేకపోతే నేను ఎక్కడ నిలబడాలి? కింద గోదావరే కదా" అన్నారు. ఆరేళ్ళు ఫోటోలు చూసి గర్డర్లు కట్టాను, వాటిలో రివెట్లు కూడా పొడిచాను. మనిషి నిలబడే చోటు మరచిపోయాను.

ఆయన ముందే అగ్గిపుల్లలు, అట్టముక్కతో ఒక బల్ల చేసి అంటించాను. ఎత్తు ఆయనే చెప్పారు, రెయిలింగ్ రెండు వరసలు ఉండాలన్నారు. అంటించాక దాని మీద ఒక బొమ్మ మనిషిని నిలబెట్టాను. హెచ్‌ఓలో మనిషి రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. బండి వచ్చి ఆ బొమ్మ పక్క నుంచి వెళ్ళేటప్పుడు తాత తన చేతికర్రను గట్టిగా పట్టుకున్నారు. అది నేను చూశాను. ఆ తర్వాత సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని వరదల సమయంలో వంతెన కాపలా ఎలా ఉండేదో పిల్లలకు చెబుతూనే ఉన్నారు. న్యూజెర్సీ_ప్లాట్‌ఫాం గారూ, బయట నిలబడి మాట్లాడే మనిషి కావాలన్నారు కదా. ఆయన తనంతట తానే వచ్చారు.

డ్యూటీ పుస్తకంలో 187 సంతకాలు ఉన్నాయి. కొందరికి ఇంకా రాయడం రాదు, వేలిముద్ర వేశారు. నష్టం చెప్పాలంటే ఒక బోగీ బఫర్ ఊడింది, రెండు బీరపీచు చెట్లు కనిపించలేదు. ఇంజన్లు మూడూ క్షేమం. చిన్నగేజ్ తమ్ముడూ, నీ పెట్టె ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పాత_ఇత్తడి | హైదరాబాద్ | జనవరి 18

రెండుసార్లు చదివాను. మీ ఇంజన్లు క్షేమంగా ఉన్నందుకు ముందు సంతోషం.

టోకెను ఉండి ఉంటే నా ఇంజను ఆ రోజు పడేది కాదేమో. ఆ పిల్లవాడు తుంటరి కాదు, ఎప్పుడు తన వంతు వస్తుందో తెలియక ఎత్తాడు. ఇప్పుడు అనిపిస్తోంది. ఆ పగిలిన గేరు ఇంకా నా దగ్గరే ఉంది. అలాంటిది దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, దాన్ని మళ్ళీ నడిపించాలి.

చిన్నగేజ్ | విశాఖపట్నం | జనవరి 18

గేరు పళ్ళు లెక్కపెట్టి, వ్యాసం కొలిచి ఫోటో పంపండి సార్. మా కాలేజీలో త్రీడీ ప్రింటర్ ఉంది.

తొమ్మిది_మిల్లీమీటర్లు | బెంగళూరు | జనవరి 19

56 పెట్టెల మాట మళ్ళీ ఎత్తుతున్నాను. కీమాన్ తాత చెప్పిన బల్లలు ఎన్ని స్పాన్లకు ఒకటి వస్తాయో ఆయనను అడిగి రాయగలరా? మొదటి పెట్టె నేను ఈ వారమే మొదలుపెడుతున్నాను.

కొలువు_సుధ | విజయవాడ | జనవరి 19

రెండోది నాది.

లల్లాగూడ_షెడ్ | సికింద్రాబాద్ | జనవరి 19

బాబూ, ఆ కీమాన్‌ను నేను చూడాలి. మేము పైనుంచి హారన్ కొట్టుకుంటూ వెళ్ళేవాళ్ళం, ఆయన ఆ బల్ల మీద నిలబడి జెండా చూపి ఉంటాడు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాను. నా దగ్గర అసలు టోకెను వలయం ఒకటి ఉంది, రిటైరైన రోజు స్నేహితులు జ్ఞాపకంగా ఇచ్చారు, అది కూడా తెస్తాను. ఎక్కడ దిగమంటావు?

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం | జనవరి 19

మాస్టారూ, గోదావరి స్టేషనులో ఆగే బండి చూసుకుని ఎక్కండి, మా హాలు అక్కడికే దగ్గర. నేను, మా అమ్మాయి ప్లాట్‌ఫాం మీద ఉంటాం. తాతకు ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. పలకలు ఇంకా విప్పలేదు, మీరు వచ్చి వెళ్ళేదాకా విప్పను.